అపార్ట్‌మెంటు మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని గమనించే పద్ధతి

విశాఖపట్నంలో కాలనీలు వదిలే నీరు గెడ్డల (వాగుల) గుండా సముద్రాన్ని చేరుతుంది కనుక, శుద్ధి కేంద్రం చూసుకునేవారు రోజూ ముందుగా గాలి పట్టించే తొట్టె దగ్గర నిలబడి చూడాలి. నీరు చాక్లెట్ రంగులో ఉండి తడిమట్టి వాసన వస్తుంటే మురుగును తినే సూక్ష్మజీవులు చక్కగా పనిచేస్తున్నట్టు. నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన కొడితే, ఆక్సిజన్ చాలడం లేదని గ్రహించి గాలి ఊదే బ్లోయరును, ఆ గాలిని నీటిలో బుడగలుగా వదిలే డిఫ్యూజర్లను పరిశీలించాలి. కరిగిన ఆక్సిజన్ లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉండాలి.

తరువాత ఆ నీటిని లీటరు కొలజాడీలో పోసి 30 నిమిషాలు కదపకుండా ఉంచాలి. బురద రేణువులు గుత్తులుగా కలిసి మెల్లగా కిందికి దిగుతూ, పైన తేటనీటిని విడవడం కళ్లారా కనిపిస్తుంది; ఇంత చౌకగా ఇంత చెప్పే పరీక్ష మరొకటి లేదని నా నమ్మకం. అడుగున 200 నుంచి 300 మిల్లీలీటర్లు పేరుకుంటే సాధారణంగా మంచిదే. రోజురోజుకూ పెరుగుతుంటే మిగులు బురదను కొద్దికొద్దిగా తీయాలి, ఒక్కసారిగా తీస్తే అందులోని సూక్ష్మజీవులు తగ్గిపోతాయి.

వానాకాలంలో డాబా నీటిని మురుగు లైనులోకి రానివ్వకూడదు. ఆ వరద, తొట్టెలోని బురదను గెడ్డలోకి కొట్టుకుపోయేలా చేస్తుంది. శుద్ధి అయిన నీటిలో చివర కలిపే క్లోరిన్ ఎక్కువైతే గెడ్డలోని చేపపిల్లలు చనిపోతాయి. వారానికోసారి ఈ నీరు గెడ్డలో కలిసే చోటుకు ఎగువన, దిగువన నడిచి, నురగ గానీ రాళ్లపై బూడిదరంగు జిగురు గానీ దిగువన మాత్రమే కనిపిస్తే, నమూనాను వెంటనే ప్రయోగశాలకు పంపాలి.