మేకు పట్టని స్లీపర్: 760 మి.మీ. అడవి లైన్‌లో తాత్కాలిక మరమ్మతు

రొమేనియాలో వాసెర్ లోయ అడవి రైలు గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 760 మి.మీ. లైను ఏటి పక్కనే సాగుతుంది కాబట్టి పట్టాల కింద అడ్డంగా పరిచే చెక్క స్లీపర్లు తరచూ తడిగానే ఉంటాయి. ఇలాంటి లైన్లలో బండి పట్టా తప్పడానికి విరిగిన పట్టాయే కారణం కానక్కర్లేదు; పట్టాని స్లీపర్‌కి బిగించే మేకు పట్టు వదిలినా చాలు. దుంగల బరువుకి వంపులో బయటి పట్టా పక్కకి జరుగుతుంది, గేజు పెరుగుతుంది, చక్రం లోపలికి జారిపోతుంది.

ముందు గేజు కొలవండి. వంపుల్లో కొంత వెడల్పు కావాలనే ఇస్తారు, దాన్ని లోపం అనుకోకండి. మేకు పీకి, రంధ్రంలోని కుళ్ళు గీకేసి, ఎండిన ఓక్ చెక్క చీల అందులో బిగుతుగా దిగ్గొట్టాలి. పచ్చి చెక్క పెడితే ఎండి ముడుచుకుని మళ్ళీ వదులవుతుంది. పట్టాని గడ్డపారతో లోపలికి నెట్టి పట్టుకుని, అప్పుడే మేకు కొట్టండి. పాత రంధ్రం మరీ పెద్దదైతే చీల పనికిరాదు; స్లీపర్‌ని కాస్త పక్కకి జరిపి కొత్త చోట మేకు వేయడమే మేలు.

వరసగా మూడు స్లీపర్లు కుళ్ళితే? రెండు చివరలా కొక్కేలు, మరలు ఉన్న ఇనుప కడ్డీతో రెండు పట్టాలనీ కలిపి బిగించండి. కడ్డీ గేజుని ఆపుతుంది, బరువు మాత్రం మొయ్యదు. కిందికి కంకర కుక్కకపోతే పట్టా కుంగుతుంది. మధ్య స్లీపర్‌నైనా ఆ రోజే మార్చాలి.

రెండు పట్టాల కొసల్ని కలిపే ఇనుప పలక, అంటే ఫిష్‌ప్లేట్, బిగించే రంధ్రాలు గ్యాస్ మంటతో కోయకండి, డ్రిల్లే వాడండి. కోసిన అంచునుంచే పగులు మొదలవుతుంది.

మొదటి బండి నడక వేగంతో, ఖాళీగా వెళ్ళాలి. తర్వాత గేజు మళ్ళీ కొలవండి.