మీ ఊరి జనాభా లెక్క మీరే తీయడం ఎలా

మీ ఊళ్ళో ఎంతమంది ఉంటారని రచ్చబండ దగ్గర అడిగి చూడండి, ఒకాయన మూడు వేలంటాడు, పక్కాయన ఐదు వేలంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఒకాయన ఊరు చెరువుకట్ట దగ్గర ఆగిపోతుంది, ఇంకొకాయనది శివారు తండాలతో కలిపి పంచాయతీ మొత్తం. సెన్సస్‌కి మాత్రం ఊరంటే రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో ఉండే ఊరు. అందుకే ముందు పట్టాదారు పాస్‌బుక్‌లోనో, అడంగల్ లేదా పహాణీలోనో ఆ పేరేంటో చూసుకోండి.

తర్వాత సెన్సస్ సైట్‌లో 2011 ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ (ఊరివారీగా జనాభా అంకెలుండే పట్టిక) ఫైల్ తెరవండి. అప్పటికి ఉమ్మడి రాష్ట్రం, 23 జిల్లాలే. ములుగు వాళ్ళు వరంగల్‌లో వెతకాలి, చీరాల వాళ్ళు ప్రకాశంలో, బాపట్ల వాళ్ళు గుంటూరులో. కొత్తపల్లి లాంటి పేరైతే మండలం కూడా చూసి, ఆరంకెల కోడ్ రాసిపెట్టుకోండి, లేకపోతే పక్క జిల్లా కొత్తపల్లి లెక్క మీ ఊరికి అంటగడతారు. జనాభా సున్నా అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది బేచిరాగ్ గ్రామం, అంటే భూములున్నా దీపం పెట్టే ఇల్లు లేని ఊరు.

అక్షరాస్యత దగ్గర దాదాపు అందరూ తప్పు చేస్తారు. చదువొచ్చిన వాళ్ళను మొత్తం జనాభాతో భాగించకూడదు, ఏడేళ్ళు నిండని పిల్లల్ని తీసేసి భాగించాలి. ఉదాహరణకి వెయ్యి మందిలో 100 మంది చిన్నపిల్లలు, 540 మందికి చదువొచ్చు అనుకోండి, అది 54 శాతం కాదు, 60.

ఆడవాళ్ళ సంఖ్యను మగవాళ్ళ సంఖ్యతో భాగించి వెయ్యితో గుణిస్తే లింగ నిష్పత్తి. ఉమ్మడి రాష్ట్రానికి 2011లో అది 993. చిన్న ఊళ్ళో పిల్లల నిష్పత్తి చూసి మాత్రం తొందరపడి ఏదేదో రాసేయకండి. 40 మంది మగపిల్లలు, 33 మంది ఆడపిల్లలుంటే 825 వస్తుంది, ఇంకో నలుగురు ఆడపిల్లలుంటే 925! పని చేసేవాళ్ళ గడుల్లో ఇంకో మెలిక ఉంది, కౌలు రైతు కూడా సాగుదారుల్లోకే వస్తాడు, కాబట్టి ఆ అంకె చూసి అందరికీ సొంత పొలం ఉందనుకోవద్దు. ఆరు నెలల కంటే తక్కువ పని దొరికినవాళ్ళు మార్జినల్ వర్కర్లు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వలస. 2011లో జనాన్ని లెక్కపెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ రోజులన్నీ బయట పనిలో ఉన్నవాళ్ళను ఉన్నచోటే రాసుకున్నారు, సొంతూరి లెక్కలో కాదు. పాలమూరు లాంటి చోట ఆ సీజన్‌లో ఎంతమంది ఊళ్ళో ఉంటారో మీకు తెలిసిందే.

కొత్త సెన్సస్‌కి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈలోపు పాత అంకెను మీరే సాగదీయకండి. ఆరేళ్ళ లోపు పిల్లల సంగతి అంగన్‌వాడీ టీచర్ని అడగండి, రిజిస్టర్ ఆవిడ దగ్గరే ఉంటుంది. పద్దెనిమిది దాటినవాళ్ళకి ఓటరు లిస్టుంది కానీ దాన్ని గుడ్డిగా నమ్మలేం. మా ఊళ్ళో ఆ లిస్టు పట్టుకుని ఒక వీధి తిరిగాను, పన్నెండు ఇళ్ళలో ఐదింటికి తాళాలు. వాళ్ళంతా హైదరాబాద్‌లో, ఓట్లు మాత్రం ఇక్కడే. తాళమున్న ఇంటి నంబరు పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుని, సంక్రాంతికి ఇంకోసారి తిరగండి.