గ్రూపు ఉంది, చర్చ లేదు: బ్లెండెడ్ లెర్నింగ్‌లో సమస్యలు - పరిష్కారాలు

అందరూ చూస్తారు, ఎవరూ జవాబివ్వరు

బ్లెండెడ్ లెర్నింగ్ అంటే క్లాసు పాఠాన్నీ ఆన్‌లైన్ పనినీ కలిపి నడపడం. ఆన్‌లైన్ గ్రూపులో జవాబులు రాకపోతే, విద్యార్థులకు ఆసక్తి లేదనుకునే ముందు మీరు అడిగిన ప్రశ్నను చూడండి. "ఏమైనా డౌట్లున్నాయా?" అంటే తనకు తెలియదని వందమంది ముందు ఒప్పుకోమనడమే. దాని బదులు చిన్న పని ఇవ్వండి: "3వ పేజీ గ్రాఫ్‌లో గీత 40 డిగ్రీల దగ్గర ఎందుకు వంగింది? రెండు వాక్యాల్లో, రేపు రాత్రి 8 లోపు." పెద్ద గ్రూపును ఐదారుగురి జట్లుగా విడదీయండి. జట్టుకు ఒక్క జవాబు చాలు. అది జట్టు పేరు మీద వస్తుంది కాబట్టి తప్పు రాయడానికి అంతగా జంకరు.

కొన్నాళ్లకు మళ్లీ మాటలు ఆగిపోతే కారణం క్లాసులో వెతకండి. ఆన్‌లైన్‌లో రాసినదాని ఊసే క్లాసులో లేకపోతే ఎవరైనా ఎందుకు రాస్తారు? మొదటి పది నిమిషాలు ఆ జవాబులకే కేటాయించండి. ఒక సరైన జవాబునూ, ఆలోచింపజేసే ఒక తప్పునూ పక్కపక్కన బోర్డు మీద పెట్టి, తేడా ఎక్కడ వచ్చిందో వాళ్లచేతే చెప్పించండి. ఒక్క మార్పే చేయగలిగితే ఇదే చేయండి. పోస్టుల సంఖ్యను బట్టి మార్కులు వేయకండి. "నేనూ ఏకీభవిస్తున్నాను" అన్న పోస్టులే కుప్పపడతాయి.

"గడువు తెలియలేదు సార్"

నిజంగానే తెలిసుండదు. పుట్టినరోజు శుభాకాంక్షల కింద మీ ప్రకటన ఎక్కడో పడిపోయింది. వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగల గ్రూపు వేరుగా పెట్టి, ముఖ్యమైనదాన్ని 30 రోజులకు పిన్ చేయండి. తేదీని మాత్రం మెసేజ్‌లో రాయవద్దు. పంపిన 15 నిమిషాలు దాటాక దాన్ని దిద్దలేరు. తేదీ మారినా పాతదే ఫార్వర్డ్ అవుతూ తిరుగుతుంది. మూడుల్ లాంటి ఎల్ఎంఎస్‌లో (పాఠాలు, అసైన్‌మెంట్లు, గడువులు ఒకేచోట ఉంచే ఆన్‌లైన్ వ్యవస్థ) తేదీ ఒక్కచోటే ఉంచి, గ్రూపులో ఆ లింకు ఇవ్వండి.

వీడియోలో బోర్డు అక్షరాలు మసక

గ్యాలరీ నుంచి పంపితే వాట్సాప్ వీడియోను కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్లే చూడగలరు) పెట్టి లింకు ఇవ్వండి.

విద్యార్థినులకు అక్కర్లేని మెసేజ్‌లు

ఇది వెంటనే సరిచేయాల్సిన సమస్య. మామూలు గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. వాట్సాప్ కమ్యూనిటీ ప్రకటనల గ్రూపులో తోటి సభ్యులకు కనబడవు. చర్చ టెలిగ్రామ్‌లో అయితే, చేరకముందే ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబర్ ఎవరికీ కనబడకుండా మార్చుకోమనండి. అసలు చేరనంటే బలవంతపెట్టకండి. అదే ప్రశ్న ఎల్ఎంఎస్ ఫోరంలోనూ పెట్టండి, జవాబు అక్కడి నుంచే తీసుకోండి.