జియు-జిట్సు సొంతంగా, 4వ పాఠం: ఏ పుస్తకం, ఏ వీడియో?

జియు-జిట్సు (నేలమీద పట్టుల కుస్తీ) క్లాసు అయ్యాక, ఎక్కడ ట్యాప్ చేశారో, అంటే ఏ పట్టుకి దొరికి చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నారో నోటుబుక్కులో రాసుకోమన్నాను కదా, చాలామంది రాశారు, సంతోషం. కాకపోతే అందరివీ ఒకేలా ఉన్నాయి: ఆర్మ్‌బార్ (చెయ్యి చాచి మోచేతిని విరిచే పట్టు), ఆర్మ్‌బార్, వెనకనుంచి చోక్ (మెడ నొక్కే పట్టు), మళ్లీ ఆర్మ్‌బార్. ఆ తర్వాత ఆర్మ్‌బార్ నుంచి బయటపడటం ఎలా అని యూట్యూబ్‌లో వెతికి, దొరికినవన్నీ చూసి, మర్నాడు వెళ్లి మళ్లీ ఆర్మ్‌బార్‌కే దొరికిపోయారు. అసలు తప్పు ఎక్కడ జరుగుతోందో తేలకుండా పుస్తకాల జోలికి వెళ్లి లాభం లేదు.

మౌంట్ కింద ఉన్నారనుకోండి, అంటే అవతలివాడు మీ పొట్టమీద ఎక్కి కూర్చున్నాడు. ఊపిరాడక రెండు చేతులూ చాచి అతని ఛాతీని పైకి తోస్తారు. తోయగానే మీ మోచేతులు పక్కటెముకల్ని వదిలేసి గాల్లోకి లేచాయి. అతను హాయిగా ఒక చెయ్యి పట్టుకుని, పక్కకి తిరిగి, కాలు మీ ముఖం మీదుగా వేసి వెనక్కి వాలిపోతాడు. ట్యాప్ చేసింది అప్పుడే గానీ, కథ మీరు చేతులు చాచినప్పుడే అయిపోయింది. చెయ్యి పూర్తిగా సాగాక పనికొచ్చే ఎస్కేప్ ఏదో ఒకటి ఉండొచ్చు, కొత్తలో అది అందదు. మీరు వెతకాల్సింది 'మౌంట్‌లో మోచేతులు ఎక్కడ పెట్టాలి', 'మోచేయి-మోకాలి ఎస్కేప్'. వెనకనుంచి చోక్ కూడా అంతే, సైడ్ కంట్రోల్‌లో (అవతలివాడు పక్కనుంచి మీ ఛాతీమీద అడ్డంగా పడుకున్నప్పుడు) బరువు భరించలేక అటు తిరిగి వీపు అప్పగించారా లేదా చూసుకోండి. అప్పగించి ఉంటే మీక్కావాల్సింది సైడ్ కంట్రోల్ పాఠం, చోక్ పాఠం కాదు. అందుకని నోటుబుక్కులో పక్కన ఇంకో గడి గీసి, ట్యాప్‌కి పది సెకన్ల ముందు ఏ పొజిషన్‌లో ఉన్నారో, చేతులు ఎక్కడున్నాయో కూడా రాయండి. గుర్తులేకపోతే పైనున్న పార్ట్‌నర్‌ని అడగండి, వాళ్లకి బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు పుస్తకం. ఒక్కటే కొంటానంటే బ్రెజిల్ జియు-జిట్సు చాంపియన్ సౌలో రిబేరో 2008లో తెచ్చిన 'జియు-జిట్సు యూనివర్సిటీ' కొనండి. దాని వరుసే నాకు నచ్చింది: వైట్ బెల్ట్‌కి ప్రాణం కాపాడుకోవడం, బ్లూకి ఎస్కేప్‌లు, పర్పుల్‌కి గార్డ్ (కింద ఉండి కాళ్లతో అవతలివాణ్ణి అడ్డుకోవడం), బ్రౌన్‌కి గార్డ్ దాటడం, సబ్‌మిషన్లు (ట్యాప్ చేయించే పట్టులు) బ్లాక్ బెల్ట్ దగ్గర, చిట్టచివర. మీరు వైట్ బెల్ట్ భాగం దాటి పేజీ తిప్పకండి. ఫొటోల్లో బరువు ఎటు పడుతోందో తెలియదు, అది నిజమే. కానీ పుస్తకం మ్యాట్ పక్కన తెరిచి పెట్టుకోవచ్చు, చెమట చేతులతో ఫోన్ అన్‌లాక్ చేసే బాధ ఉండదు.

వీడియోల్లో గి (యూనిఫాం వేసుకుని ఆడేది), నో-గి (అది లేకుండా ఆడేది) తేడా చూసుకోమని విడిగా చెప్పక్కర్లేదనుకుంటా. శాంపిల్ ఉంటే ముందు సౌండ్ తీసేసి చూడండి. కిందివాడి చేతులు కెమెరాకి కనబడుతున్నాయా? పార్ట్‌నర్ బొమ్మలా పడున్నాడా, కాస్తయినా అడ్డుపడుతున్నాడా? తర్వాత సౌండ్ పెట్టి, 'అవతలివాడు ఇలా చేస్తే' అనే మాట వస్తుందేమో వినండి. రాకపోతే వదిలేయండి. కోచ్ జాన్ డానహర్ వీడియో సెట్లు మాటలు ఎక్కువ, గంటలకొద్దీ సాగుతాయి. నాకిష్టమే, మాటల భాగం ఒకటిన్నర స్పీడులో వింటాను, చేతుల భాగం సగం స్పీడులో చూస్తాను. సేల్ ఈ రాత్రితో ఆఖరని టెన్షన్ పడొద్దు, మళ్లీ వస్తుంది.

హీల్ హుక్ (మడమ పట్టుకుని కాలు తిప్పే పట్టు) సెట్లు మాత్రం ఇప్పుడు కొనకండి. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) పోటీల్లో కాలి పట్టుల్లో వైట్ బెల్ట్‌కి అనుమతి ఉన్నది స్ట్రెయిట్ యాంకిల్ లాక్ (తిప్పకుండా చీలమండని సాగదీసే పట్టు) ఒక్కటే. హీల్ హుక్‌ని 2021 నుంచి అనుమతించింది కూడా నో-గిలో, బ్రౌన్, బ్లాక్ బెల్ట్ అడల్ట్‌లకే. మడమ తిప్పితే దెబ్బ తగిలేది మోకాలికి, నొప్పి తెలిసేలోపే లిగమెంట్ తెగిపోవచ్చు. పక్కన కోచ్ లేకుండా వీడియో చూసి స్నేహితుడి మీద ప్రయత్నించడానికి ఇది అస్సలు తగదు.

అభ్యాసం: నోటుబుక్కులో ఎక్కువసార్లు వచ్చిన పొజిషన్ ఒకటి, దానికి వీడియో ఒకటి. రెండు వారాలు ప్రతి క్లాసు తర్వాత పార్ట్‌నర్‌ని ఆ పొజిషన్‌లో పైన పెట్టుకుని మూడేసి నిమిషాల రౌండ్లు ఐదు. బయటపడగానే మళ్లీ కిందికే వెళ్లాలి, పైకొచ్చి ఆట మొదలుపెట్టకూడదు. కష్టమే. ఈ రెండు వారాల్లో ఇంకో వీడియో చూసినవాళ్లు మొదటి రోజు నుంచి మళ్లీ చేయండి.