బీపీ ఉన్నవారు మద్యం నుంచి గుండె కండరాన్ని కాపాడుకోవడం ఎలా

రక్తపోటు ఎక్కువగా ఉన్నవారి గుండెలో ఎడమ జఠరిక అనే కింది గది ప్రతిసారీ అధిక ఒత్తిడికి ఎదురొడ్డి రక్తాన్ని నెట్టవలసి వస్తుంది కనుక, ఏళ్లు గడిచేకొద్దీ దాని గోడ మందమై, బిరుసెక్కి, సరిగా సడలలేకపోతుంది. మద్యం ఆ బీపీని ఇంకా పెంచుతుంది. అంతటితో ఆగక, మద్యమూ, అది శరీరంలో విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడూ కండర కణాలను నేరుగా దెబ్బతీస్తాయి. అతిగా తాగే అలవాటు ఏళ్ల తరబడి సాగితే గుండె సాగి, పెద్దదై, బలహీనపడవచ్చు.

ముందుగా, తాగేది ఎంతో కొలుచుకోవాలి. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాములు. సిరప్ సీసా కొలత మూతతో 30 మిల్లీలీటర్ల నీళ్లు గ్లాసులో పోసి చూడండి, చేతివాటంగా పోసుకునే పెగ్గు దానికంటే ఎంత ఎక్కువో తెలుస్తుంది. బీరు తేలికన్నది కూడా పొరపాటే: 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు ఉంటుంది.

బీపీని తాగిన రాత్రి చూసుకుని నిశ్చింతగా ఉండకూడదు. ఎక్కువగా తాగినప్పుడు తొలి గంటల్లో అది కొంత తగ్గి, సుమారు 12 గంటలు దాటాక పెరుగుతుంది. అందుచేత మర్నాడు ఉదయం కూడా, 5 నిమిషాలు కుదురుగా కూర్చుని, చేతిని గుండె ఎత్తులో ఆనించి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసిపెట్టుకోవాలి. తాగామన్న భయంతో బీపీ మాత్రను సొంతంగా మానేయకుండా, అలాంటి రోజున ఏం చేయాలో డాక్టరును ముందే అడిగి ఉంచుకోవాలి.

తాగే పరిమాణాన్ని దాచకుండా చెప్పి, ఈసీజీ, 2డి ఎకో (గుండె స్కాన్) అవసరమేమో అడగండి. ఎకో రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి నెట్టే వంతు) 60 శాతం, అంటే మామూలుగానే, ఉందని చాలామంది అక్కడితో ఆగిపోతారు, కానీ బిరుసెక్కిన గుండెలో కూడా ఆ అంకె బాగానే ఉండవచ్చు. గోడ మందం, డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్ (గుండె సరిగా సడలలేకపోవడం) అన్న పంక్తులను కూడా వివరించమని కోరాలి.

గుండెకు మానేయడమే మేలు. అయితే రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, మూర్ఛలు కూడా రావచ్చు కనుక, వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. సలహా కోసం 14446 ఉచిత హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

పడుకుంటే ఊపిరాడక తలగడలు ఎత్తుపెట్టుకోవలసి వచ్చినా, చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కితే గుంట అలాగే నిలిచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.