పాత కత్తికి కొత్త పిడి – మూడో పాఠం: జిగురు మూత ఇంకా తీయొద్దు

కిందటి పాఠం అయ్యేసరికి మీ ముందు పిడి ఊడదీసిన కత్తి ఉండాలి. పిడి లోపల దాగి ఉండే ఉక్కు భాగానికి మనం తోక అని పేరు పెట్టుకున్నాం. దాని తుప్పు గీకేశారు, రంధ్రాల్లో మిగిలిన పాత రివెట్ల ముక్కలు కొట్టేశారు. పదునుకు అట్టముక్క చుట్టి టేపు వేయమన్నాను. వేయకపోతే ఇప్పుడే వేయండి. ఈ పనిలో చేతులు తెగేది కూరలు తరిగేటప్పుడు కాదు, పిడి రుద్దేటప్పుడే.

ఈ పాఠం తోక పిడి పొడవునా ఉండి, రెండు చెక్క బద్దల మధ్య ఇమిడే కత్తులకు మాత్రమే. తోక సన్నటి మేకులా ఉండి చెక్కలోకి దిగే రకానికి దారి వేరు, అది అయిదో పాఠంలో.

ముందు రంధ్రాల సంగతి. తోక గట్టిపరచిన ఉక్కు కాబట్టి కొత్త రంధ్రం వేయబోతే మామూలు డ్రిల్ బిట్ మొద్దుబారిపోతుంది. పాత రివెట్ల బదులు ఉన్న రంధ్రాలకు సరిపడే ఇత్తడి కడ్డీనే వెతుక్కోండి. కొలవడానికి బిట్ల పెట్టె చాలు: ఏ బిట్ వెనక కాడ ఊగకుండా దూరుతుందో అదే మీ కొలత. ఇక్కడ 4 మి.మీ. అనుకుందాం.

చెక్క బద్దలు రెండూ ఒకే ముక్క నుంచి కోయండి, అప్పుడు రంగూ నారా కలుస్తాయి. నార పిడి పొడవు వెంట సాగాలి, అడ్డంగా ఉంటే ఒక్కసారి కింద పడితే చాలు, విరుగుతుంది. మందం ఒక్కోటి 8 నుంచి 10 మి.మీ., తోక చుట్టూ 3 మి.మీ. ఎక్కువ. తడిచెక్క పనికిరాదు. ఎండేకొద్దీ అది కుంచించుకుపోతుంది, ఉక్కు మాత్రం కదలదు, మధ్యలో సందు పడుతుంది. కొత్తవాళ్లకు టేకు బాగుంటుంది, కోయడం తేలిక. కానీ దాంట్లో సహజంగా నూనె ఉంటుంది, ఆ సంగతి కాసేపట్లో.

బద్దల లోపలి ముఖాలు చదునుగా రావాలి. గాజు పలక మీద 120 నంబరు ఉప్పుకాగితం పరిచి, బద్దను దానిమీద ఒకే దిక్కుకు లాగండి. ముందుకీ వెనక్కీ ఊపుతూ రుద్దితే అంచులు గుండ్రమవుతాయి, ఆ తప్పు కంటికి తెలియదు. తర్వాత తోకకు ఆనించి వెలుతురుకేసి పట్టి చూడండి. గీతలా వెలుతురు కనిపిస్తే మళ్లీ గాజు మీదికే. ఆ సందులో రేపు నీళ్లు చేరతాయి, తోక తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి చెక్కను నెడుతుంది. పాత పిడి ఊడింది చాలాసార్లు ఇందుకే.

ఇప్పుడు అసలు మెలకువ: రంధ్రాలు వేసే వరస. మొదటి బద్దను తోకకు క్లాంపుతో (మర తిప్పి బిగించే పట్టుతో) బిగించి, తోకలోని రంధ్రాన్నే దారిగా చేసుకుని బిట్ దించండి. చెక్క కింద పనికిరాని ముక్క పెట్టాలి, లేదంటే బిట్ బయటికొచ్చేచోట పెచ్చు లేస్తుంది. ఒక్క రంధ్రం పడగానే ఆగండి. అందులోకి ఆ కడ్డీ నుంచి కోసిన ఇత్తడి ముక్క దూర్చి, ఆ తర్వాతే రెండోది వేయండి. నేను మొదటిసారి ఆ ముక్క పెట్టకుండా రెండోదానికి వెళ్లాను. క్లాంపు వెంట్రుకవాసి జారింది, చెక్క పొయ్యిలోకి పోయింది. మొదటి బద్ద అయ్యాక దాన్ని తీసేసి, రెండోదాన్ని అవతలి వైపు బిగించి అలాగే చేయండి. చేతి డ్రిల్ అయితే పక్కన మూలమట్టం నిలబెట్టుకుని బిట్ నిలువుగా ఉందో లేదో చూసుకోండి.

తోక తీసేసి, రెండు బద్దల్నీ ఒకదానికొకటి ఆనించి రంధ్రాల్లో ఇత్తడి ముక్కలు దూర్చండి. ఇప్పుడు అలుగు (కత్తిలో కోసే భాగం) వైపు ఉండే ముందు అంచులు రెండూ జతగా ఉన్నాయి. వాటిని ఆకురాయితో వాలుగా దించి 120, 220, 400 నంబర్ల కాగితంతో నున్నగా తీయండి. ఇది ఇప్పుడే ఎందుకంటే, అతికించాక అక్కడ కాగితం ఆడించారంటే పక్కనే ఉన్న అలుగు నిండా గీతలు పడతాయి. మిగతా పిడిని తర్వాత ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు, ఈ రెండంచుల్ని మాత్రం దిద్దలేం. చాలామంది చేసిన పిడిలో వంక కనిపించేది సరిగ్గా ఇక్కడే.

ఇక జిగురు. మనం వాడేది ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు. అందులో అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు. దానికి వేడినీళ్లను తట్టుకునే శక్తి తక్కువ, పైగా మీకు తడబడే వ్యవధి కూడా ఇవ్వదు. పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పట్టే రకం తీసుకోండి. తోకనూ ఇత్తడి ముక్కల్నీ 80 నంబరు కాగితంతో గరుకు చేయండి, నున్నటి లోహాన్ని జిగురు పట్టుకోదు. తర్వాత అన్నింటినీ ఎసిటోన్‌తో (జిడ్డు వదిలించే ద్రావకం) తుడవండి, టేకునైతే రెండుసార్లు, ఆ నూనె కోసం. కిటికీ తెరిచి ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

కలిపే ముందు జిగురు లేకుండా మొత్తం ఒకసారి బిగించి చూడండి. ఇత్తడి ముక్కలు వేలితో నెడితే వెళ్లాలి. సుత్తి అవసరమైతే వాటి కొసలు ఆకురాయితో కాస్త సన్నం చేయండి. ఏ క్లాంపు ఎక్కడ పడుతుందో కూడా ఇప్పుడే తేల్చుకోండి, జిగురు చేతులతో వెతుక్కోవడం నరకం.

డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి, తోకకు రెండు వైపులా, చెక్కలకూ, కడ్డీలకూ పూసి కూర్చండి. బిగింపు మితంగా ఉండాలి. బలమంతా పెట్టి తిప్పితే జిగురంతా బయటికి పోయి లోపల ఏమీ మిగలదు. చుట్టూ సన్నటి పూసలా ఉబికితే సరిపోయినట్టే. ముందు అంచు దగ్గర ఉబికినదాన్ని మాత్రం అప్పుడే, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తీసేయండి. పది నిమిషాలాగి మళ్లీ చూడండి, ఇంకాస్త వస్తుంది. మిగతా వైపులది అలాగే వదిలేయండి, ఎలాగూ రుద్దేస్తాం.

కలిపిన గిన్నెలో మిగిలిన జిగురు పారేయకండి. రేపు దాన్ని గోటితో నొక్కి చూస్తే కత్తిలోనిది గట్టిపడిందో లేదో తెలుస్తుంది. గోరు దిగితే క్లాంపులు ముట్టుకోవద్దు. దిగకపోతే నాలుగో పాఠానికి మీరు సిద్ధం: ఇత్తడి కొసల్ని చెక్కతో సమంగా అరగదీసి, పిడిని అరచేతికి ఒదిగేలా చెక్కుతాం.