వెలుగు వంగడం గ్లాసు అడుగుతో ఇంట్లోనే ఎలా చూడాలి?

మా మేనకోడలు బరంపురంలో ఒడియా మీడియం, బడిలో 'ఆలొక' అని చదివి ఇంటికొచ్చి 'వెలుగు' అంటాది, మొన్న అడిగింది "మావయ్యా, వెలుగుకి బరువే లేదు కదా, మరి సూర్యుడు దాన్నెలా వంచుతాడు?" అని. అంత బరువున్న చోట చుట్టూ ఉన్న జాగా, టైమే వంగిపోతాయమ్మా, వెలుగు ఆ వంపు వెంటే పోతాది అన్నాను. సగమే అర్థమైంది, చేసి చూపిస్తే మిగతాదీ ఎక్కింది.

ముందు కాడ ఉన్న గాజు ఐస్‌క్రీం గ్లాసు, కాడ విరిగి మూల పడేసింది ఉంటే బెస్ట్, కావాలని మాత్రం విరగ్గొట్టొద్దు చెయ్యి తెగుతాది. మనకి కావాల్సింది ఆ గుండ్రటి అడుగే. కాడ మొదట్లో మందంగా ఉండి అంచుకి పోయేకొద్దీ పల్చబడాలి. విరిగిన మొనకి నల్ల టేపు బాగా చుట్టేయండి, ఈ ప్రయోగంలో సూర్యుడిలా వెలుగుని వంచే గెలాక్సీ, అంటే కోట్ల చుక్కల గుంపు, అదే అనుకోండి.

భూతద్దం ఎందుకు పనికిరాదంటే, దాన్లో మధ్యనుంచి పోయిన వెలుగు తిన్నగా పోతాది, అంచు దగ్గరే ఎక్కువ వంగుతాది. గ్రావిటీ దీనికి పూర్తిగా తిరగేసి, దగ్గరగా పోయిన వెలుగే ఎక్కువ వంగుతాది, దూరం రెట్టింపైతే వంపు సగం. గ్లాసు అడుగు కూడా ఇంచుమించు అలాగే వంచుతాది, నాకు ఈ ప్రయోగం నచ్చిందే అందుకు.

ఇప్పుడు తెల్ల కాగితం మీద ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటించండి, అది వెనకాల ఎక్కడో ఉన్న ఇంకో గెలాక్సీ. గ్లాసు అడుగుని దానికి నాలుగు వేళ్ల ఎత్తున పట్టుకుని, ఒక కన్ను మూసి పైనుంచి చూస్తూ మెల్లిగా జరపండి. బొట్టు సరిగ్గా టేపు కిందికి రాగానే టేపు చుట్టూ ఎర్రటి ఉంగరంలా సాగిపోతాది! ఆకాశంలో నిజం గెలాక్సీల దగ్గర ఇలా కనిపించే ఉంగరాన్నే, బరువు వెలుగుని ఎంత వంచుతాదో లెక్కగట్టిన ఐన్‌స్టీన్ పేరు మీద, ఐన్‌స్టీన్ రింగ్ అంటారు.

నిజం సూర్యుడి దగ్గర వంపు చాలా తక్కువ, అంచుని రాసుకుపోయిన వెలుగుకి 1.75 ఆర్క్‌సెకండ్లే (ఒక డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్), 3 కిలోమీటర్ల దూరంలో పది రూపాయల బిళ్ల ఎంత కనిపిస్తాదో దాదాపు అంత. సూర్యుడి పక్క చుక్కలు పగలు కనబడవు కాబట్టి 1919 మే 29 సంపూర్ణ గ్రహణంలో ఇంగ్లాండు ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవిలో, ఇంకో టీమ్ బ్రెజిల్ సోబ్రాల్‌లో ఫోటోలు తీసి, చుక్కలు చోటు జరిగినట్టు కనిపిస్తాయేమో అని అవే చుక్కల రాత్రి ఫోటోలతో పోల్చి చూశారు.

తర్వాత గ్లాసు కొంచెం పక్కకి జరపండి, ఉంగరం తెగి టేపుకి అటొకటి ఇటొకటి రెండు బొట్లవుతాయి, 1979లో ఒకే క్వాసార్ (చాలా దూరంలో బాగా మెరిసే గెలాక్సీ నడిబొడ్డు) రెండుగా కనిపించింది ఇలాగే. అక్కడే ఆగకుండా గ్లాసుని ఒక పక్కకి వాల్చి చూడండి, చెయ్యి కుదిరితే నాలుగు బొట్లు వస్తాయి, 1985లో దొరికిన, ఒకే క్వాసార్ నాలుగుగా కనిపించే ఐన్‌స్టీన్ క్రాస్ లాగ. మా పిల్లకి ఐదోసారికి కుదిరింది.